198 నార్మలేనా? డెబ్బై దాటిన వాళ్ల కొలెస్ట్రాల్ లెక్కలు

లెక్క కోసం 72 ఏళ్ల ఆవిడ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఒకటి రాసుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 198. ట్రైగ్లిజరైడ్లు 210. హెచ్‌డీఎల్ 36. వీఎల్‌డీఎల్ 42. ఎల్‌డీఎల్ 120. అన్నీ డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కే. మొదటి వరుసలో 198 పక్కన ‘200 లోపు’ అని అచ్చయి ఉంటుంది. ఇంట్లో వాళ్లు ఆ ఒక్క వరుసా చూసి, అమ్మకు కొలెస్ట్రాల్ నార్మలే అనుకుని, రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు.

పక్కింటి ఆవిడకూ 72 ఏళ్లే. ఆమె రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 232, ట్రైగ్లిజరైడ్లు 90, హెచ్‌డీఎల్ 78, వీఎల్‌డీఎల్ 18, ఎల్‌డీఎల్ 136. 232ను ల్యాబ్ వాళ్లు లావు అక్షరాల్లో కొట్టి పక్కన ‘హై’ అని రాస్తారు. ఆ ఇంట్లో ఆ పూట నుంచే నెయ్యి బంద్, గుడ్డు బంద్.

ఇద్దరిలో రక్తనాళాలకు చేటు చేసే కొవ్వు ఎవరి ఒంట్లో ఎక్కువ? మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు, జవాబు వచ్చేస్తుంది. మొదటి ఆవిడకు 198లో 36 పోతే 162. పక్కింటావిడకు 232లో 78 పోతే 154. నార్మల్ అని బీరువాలోకి వెళ్లిన రిపోర్టులోనే ఆ కొవ్వు ఎక్కువ.

ఈ తీసివేతలో మిగిలేదే నాన్-హెచ్‌డీఎల్. చాలా ల్యాబులు దీన్ని రిపోర్టులో వేస్తున్నాయి కానీ, అట్టడుగున ఉండే ఆ వరుస దాకా చూసేవాళ్లు తక్కువ. వేయకపోయినా కాగితం, పెన్ను ఉంటే చాలు. అదనంగా రూపాయి ఖర్చు లేదు. పెద్దవాళ్ల రిపోర్టు చేతికి రాగానే మొదట చూడాల్సిన అంకె ఇదే అని నా గట్టి అభిప్రాయం.

కొలిచేది ఎంత, లెక్కగట్టేది ఎంత

మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ల్యాబు నిజంగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. మిగతావి చాలాచోట్ల లెక్కగట్టి వేసేవే. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో నడుస్తోంది. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ఈ వీఎల్‌డీఎల్‌ను తీసేస్తే ఎల్‌డీఎల్. మన మొదటి ఆవిడకు 210ని 5తో భాగిస్తే 42. 198లో 36, 42 పోతే 120. రిపోర్టులో ఉన్నది అదే.

ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. అంతకన్నా తక్కువే అయినా బాగా పెరిగి ఉంటే, ఎల్‌డీఎల్ అసలు ఉన్నదానికన్నా తక్కువగా చూపించే అవకాశం ఉంది. సుగర్ ఉండి, పొట్ట దగ్గర కొవ్వు పెరిగి, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. వాళ్ల ఎల్‌డీఎల్ అంకె మీద పూర్తిగా భరోసా పెట్టుకోలేం. అందుకే నాన్-హెచ్‌డీఎల్ చూడమనడం.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే అపోబీ అనే పరీక్ష ఉంది. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ లాంటి రేణువు ప్రతి ఒక్కదాని మీదా అపోబీ అనే ప్రొటీన్ సరిగ్గా ఒక్కటే ఉంటుంది. దాన్ని లెక్కపెడితే రేణువులను లెక్కపెట్టినట్టే. రోడ్డు ఎంత ఇరుకైందో తెలియాలంటే ప్రయాణికులను కాదు, షేర్ ఆటోలను లెక్కపెట్టాలి కదా. రక్తనాళం గోడలోకి దూరి ఇరుక్కునేది రేణువే. దాని లోపల కొలెస్ట్రాల్ ఎంత ఉందన్నది ఆ తర్వాతి మాట. 2004లో అచ్చయిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, రాని మరో 15,000 మందితో పోల్చింది. గుండెపోటుతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడిన వాటిలో అపోబీకి, హెచ్‌డీఎల్ రేణువుల మీద ఉండే అపోఏ1 ప్రొటీన్‌కి ఉండే నిష్పత్తి ముందు వరుసలో నిలిచింది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్లకన్నా ఇది సుమారు ఆరేళ్లు ముందని తేల్చిందీ ఈ అధ్యయనమే.

మన జనంలో ఏ రకం రిపోర్టు ఎక్కువ? భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇండియాబ్ సర్వే తొలి దశ ఫలితాలు 2014లో వచ్చాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చూస్తే హెచ్‌డీఎల్ తక్కువున్న వాళ్లు 72.3 శాతం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న వాళ్లు 29.5 శాతం. మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్న వాళ్లు 13.9 శాతమే. అంటే మొదటి ఆవిడ రిపోర్టు లాంటివే మన దగ్గర ఎక్కువ. మొదటి వరుస ఒక్కటే చూసి సరిపెట్టుకునే అలవాటు అందుకే ప్రమాదం.

మంచి కొలెస్ట్రాల్ మీద పెట్టుకున్న ఆశ

హెచ్‌డీఎల్‌కు ‘మంచి కొలెస్ట్రాల్’ అని పేరు రావడానికి కారణం ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన అధ్యయనం, 1977 నాటికి 49 నుంచి 82 ఏళ్ల వాళ్ల వివరాలు బయటపెట్టింది. హెచ్‌డీఎల్ తక్కువున్న వాళ్లలో గుండెజబ్బు ఎక్కువని తేలింది. అయితే దాన్ని పెంచితే గుండె బాగుపడాలి కదా అనుకున్నారు అందరూ. టోర్సెట్రాపిబ్ అనే మందును 15,067 మంది మీద పరీక్షించారు. అది హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది. మరణాలను కూడా 58 శాతం పెంచింది. 2006 డిసెంబరులో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

కాబట్టి హెచ్‌డీఎల్ 36 ఉంటే దాని అర్థం ‘దీన్ని పెంచే మందు ఎక్కడ’ అని కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమో, ట్రైగ్లిజరైడ్లు ఎంతున్నాయో, నడక ఉందో లేదో, పొగ తాగుతున్నారేమో చూసుకోమని. అలాగే హెచ్‌డీఎల్ 78 ఉన్న పక్కింటావిడ నిశ్చింతగా ఉండొచ్చనీ కాదు. ఆమె 154 ఆమెకు ఉండనే ఉంది.

ముసలితనంలో కొలెస్ట్రాల్ కాపాడుతుందా?

‘డెబ్బై దాటాక కొలెస్ట్రాల్ ఎక్కువున్న వాళ్లే ఎక్కువకాలం బతుకుతారట’ అన్న మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. ఇది శుద్ధ అబద్ధం అని కొట్టిపారేయడానికి లేదు, అదే చిక్కు. హవాయి దీవుల్లోని హోనలులు అధ్యయనం 2001లో ఇలాంటి ఫలితాన్నే అచ్చువేసింది. 71 నుంచి 93 ఏళ్ల మధ్య ఉన్న 3,572 మంది జపాన్ మూలాల మగవాళ్లలో కొలెస్ట్రాల్ బాగా తక్కువున్న వాళ్లే ఎక్కువగా చనిపోయారు.

ఇక్కడ ఏది కారణం, ఏది ఫలితం అన్నది విడదీసి చూడాలి. కేన్సర్, కాలేయం జబ్బు, క్షయ, చాలాకాలంగా ఉన్న ఇన్‌ఫెక్షన్, సరిగా తినలేకపోవడం, ఒళ్లు తగ్గిపోవడం, వీటన్నిటిలో కొలెస్ట్రాల్ దానంతటదే పడిపోతుంది. జబ్బు బయటపడక ముందే పడిపోవడమూ ఉంది. అంటే కొలెస్ట్రాల్ తగ్గి జబ్బు చేయలేదు. జబ్బు చేసి కొలెస్ట్రాల్ తగ్గింది. గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లో కూడా ఎల్‌డీఎల్ పడిపోతుంది. అప్పుడు తీసిన రిపోర్టు చూసి ‘మా నాన్నకు కొలెస్ట్రాలే లేదు, అయినా గుండెపోటు వచ్చింది’ అనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇందులోంచి ఇంటికి పనికొచ్చే మాట ఒకటుంది. మందు ఏదీ వాడకుండా, తిండి మార్చకుండా, పెద్దవాళ్ల మొత్తం కొలెస్ట్రాల్ ఏడాదిలో 210 నుంచి 150కి దిగితే అది సంతోషించే విషయం కాదు. బరువు కూడా తగ్గుతుంటే వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన విషయం. దీనికి ఎదురు దారిలో థైరాయిడ్ ఉంటుంది. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఎల్‌డీఎల్ హఠాత్తుగా పెరిగితే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించకుండా కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టడం తొందరపాటే.

ఇక అసలు లెక్క. 2007లో లాన్సెట్ పత్రికలో 61 అధ్యయనాలను, దాదాపు 9 లక్షల మంది వివరాలను కలిపి చూశారు. మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 39 మిల్లీగ్రాములు తక్కువున్న వాళ్లలో గుండెజబ్బు మరణాలు 40ల వయసులో సగానికి పైగా తక్కువ. 50 నుంచి 69 ఏళ్ల మధ్య మూడో వంతు తక్కువ. 70 నుంచి 89 మధ్య ఆరో వంతు తక్కువ. వాట్సాప్ మేధావులు ఇక్కడే ఆగి, చూశారా, వయసు పెరిగేకొద్దీ కొలెస్ట్రాల్‌కు విలువ పోయింది అంటారు.

కానీ దేనిలో సగం? దేనిలో ఆరో వంతు? లెక్క తెలియడానికి మాత్రమే అనుకుందాం: ఫలానా కాలంలో 45 ఏళ్ల వాళ్లు వెయ్యిమందిలో నలుగురికి గుండెజబ్బు ముప్పు ఉంది. 80 ఏళ్ల వాళ్లు వెయ్యిమందిలో 90 మందికి ఉంది. నలుగురిలో సగం అంటే ఇద్దరు. 90లో ఆరో వంతు అంటే 15 మంది. శాతం చిన్నదైంది, తప్పించుకున్న మనుషుల సంఖ్య ఏడున్నర రెట్లు పెరిగింది. ముప్పులో అన్నిటికన్నా పెద్ద భాగం వయసుదే కనుక, ఆ వయసులో చిన్న శాతం కూడా పెద్ద సంఖ్య అవుతుంది.

2020లో డెన్మార్క్ నుంచి వచ్చిన లెక్క దీన్ని ఇంకా సూటిగా చూపించింది. కోపెన్‌హాగన్‌లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడని 91,131 మందిని పరిశీలించారు. 20 ఏళ్ల నుంచి 100 ఏళ్ల దాకా ఉన్నారు వాళ్లలో. ఎల్‌డీఎల్ 39 పెరిగిన కొద్దీ 80 దాటిన వాళ్లలోనూ గుండెపోటు ముప్పు 28 శాతం పెరిగింది. దాన్ని బట్టి వాళ్లు అంచనా కట్టారు: మధ్యరకం మోతాదులో స్టాటిన్ ఐదేళ్లు వాడితే ఒక్క గుండెపోటు తప్పడానికి 50లలో ఉన్నవాళ్లు 439 మంది వాడాలి. 60లలో 261 మంది. 70లలో 145 మంది. 80 దాటిన వాళ్లయితే 80 మంది చాలు.

మాత్ర మాటకొస్తే

డెన్మార్క్‌ది పరిశీలన మీద కట్టిన అంచనా. చీటీ వేసినట్టు ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అని విడగొట్టి చూస్తే ఏం తేలింది? స్కాట్లండ్, ఐర్లండ్, నెదర్లాండ్స్‌లలో 70 నుంచి 82 ఏళ్ల వాళ్లు 5,804 మందిని తీసుకుని, కొందరికి ప్రావాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్లు చూశారు. ప్రాస్పర్ అని దాని పేరు, 2002లో ఫలితం వచ్చింది. ఎల్‌డీఎల్ 34 శాతం తగ్గింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి.

2019లో 28 స్టాటిన్ ప్రయోగాలను కలిపి చూసినప్పుడు మొత్తం 1,86,854 మందిలో 75 దాటిన వాళ్లు 14,483 మందే, అంటే 8 శాతం. ఎక్కువ జబ్బు పడే వయసు వాళ్లను ప్రయోగాల్లో ఇంత తక్కువగా చేర్చుకోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఎల్‌డీఎల్ 39 తగ్గినందుకు గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు అన్ని వయసుల మీద 21 శాతం, 75 దాటిన వాళ్లలో 13 శాతం తగ్గాయి. ఇప్పటికే గుండెపోటో, పక్షవాతమో వచ్చిన వాళ్లకు ఏ వయసులోనైనా మేలు స్పష్టం. ఇంతవరకు ఏ గుండెజబ్బూ లేని 75 దాటిన వాళ్లకు కొత్తగా మాత్ర మొదలుపెడితే మేలెంత అన్న దగ్గరే ఆధారం పలచన. ఆ ప్రశ్న కోసమే ఆస్ట్రేలియాలో 70 దాటిన వాళ్లతో స్టారీ, అమెరికాలో 75 దాటిన వాళ్లతో ప్రివెంటబుల్ అనే ప్రయోగాలు పెట్టారు. జపాన్‌లో ఎజెటిమైబ్ అనే వేరే మాత్రను 75 దాటిన 3,796 మంది మీద చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితంలో గుండె, రక్తనాళాల ఘటనలు మూడో వంతు తగ్గాయి.

స్టాటిన్ మోతాదు గురించీ ఒక లెక్క తెలుసుకోవాలి. మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. దానికి బదులు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే దాదాపు 20 శాతం తగ్గుతుంది. పెద్ద మోతాదు పడని వయసు వాళ్లకు డాక్టరుతో మాట్లాడదగ్గ దారి ఇది.

కొత్తగా మొదలుపెట్టడం ఒక ప్రశ్న. ఏళ్ల తరబడి వాడుతున్నది ఆపేయడం వేరే ప్రశ్న. ఫ్రాన్స్‌లో 75 ఏళ్లు నిండిన, అప్పటిదాకా గుండెజబ్బు లేని, రెండేళ్లుగా స్టాటిన్ తప్పక వాడుతున్న 1,20,173 మందిని చూశారు. సగటున 2.4 ఏళ్లలో 14.3 శాతం మంది మాత్ర ఆపేశారు. ఆపేసిన వాళ్లు గుండె, రక్తనాళాల జబ్బుతో ఆస్పత్రిలో చేరే ముప్పు 33 శాతం ఎక్కువ.

ఆపడానికి మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే కారణం కాళ్ల నొప్పులు. ఈ బాధ నిజమైంది. కానీ అది మాత్ర వల్లేనా? బ్రిటన్‌లో ఇలాంటి దుష్ఫలితాలతో స్టాటిన్ మానేసిన 60 మందికి నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఖాళీ డబ్బా, కలగాపులగంగా ఇచ్చారు. రోజూ బాధను నూటికి ఇంత అని ఫోన్‌లో రాయమన్నారు. ఖాళీ డబ్బా నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4. ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు.

అయితే దుష్ఫలితాలే లేవనడం తప్పు. 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే ఒకరికి అదనంగా సుగర్ వస్తుందని 2010 నాటి విశ్లేషణ చెప్పింది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందు కొన్ని స్టాటిన్లతో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దగ్గుకో, తామరకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న మాత్రల చీటీ చేతిలో ఉండాలి. నొప్పులు తట్టుకోలేనంత ఉంటే, మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు.

ల్యాబు గీత అందరికీ ఒకటి కాదు

రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన ‘100 లోపు’ అని ఉంటుంది. స్టెంట్ వేయించుకున్న పెద్దాయనకు 96 వస్తే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆయన గీత 100 కాదు. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో మన దేశానికంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. ముప్పు తక్కువున్న వాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు. సుగర్, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువున్న వాళ్లకు 70, 100. గుండెపోటు, పక్షవాతం వచ్చిన వాళ్లకు 55, 85. మన మొదటి ఆవిడకు సుగర్ కూడా ఉంటే, ఆమె 162 ఉండాల్సిన దానికన్నా 62 ఎక్కువ.

ఆ మార్గదర్శకాల్లోనే ఉన్న ఇంకో పరీక్ష లైపోప్రొటీన్-ఎ. నార్వే శాస్త్రవేత్త కోరె బర్గ్ 1963లో కనిపెట్టిన ఈ రేణువు ఎంతుండాలన్నది దాదాపుగా పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. తిండితో, నడకతో పెద్దగా మారదు. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. మన దేశంలో నలుగురిలో ఒకరికి ఎక్కువే ఉంటుందని అంచనా. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. తాతకు ఎక్కువుంటే కొడుకులూ మనవలూ కూడా చేయించుకోవాలి.

మరో మాట. పరగడుపున రక్తం ఇవ్వాలని ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లను తెల్లవారుజాము నుంచి పది గంటల దాకా ల్యాబు బెంచీ మీద ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకండి. సుగర్ పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు లిపిడ్ పరీక్షకు పరగడుపు అక్కర్లేదని యూరప్ నిపుణులు 2016లో, మన కార్డియాలజీ సొసైటీ 2024లో చెప్పారు. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు సగటున 26 మాత్రమే పెరుగుతాయి. బాగా ఎక్కువ వస్తే మాత్రం పరగడుపున మళ్లీ చూస్తారు.

లండన్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల రిపోర్టు ఫోన్‌లో చూసి 120 ఏంటని కంగారు పడతారు. అక్కడ కొలత మిల్లీమోల్స్‌లో ఉంటుంది. కొలెస్ట్రాల్ అయితే మన అంకెను 38.67తో భాగించాలి. మన 120 వాళ్ల 3.1. ట్రైగ్లిజరైడ్లకు ఈ భాగహారం వేరు, 88.5.

ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, లక్షా 80 వేల జనాభాలో 2003-04లో ఏడాదిపాటు ప్రతి చావుకూ కారణం నమోదు చేశారు. 1,354 మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పల్లెల్లో ఉన్న అమ్మానాన్నలకు ఈ జబ్బులు రావని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, ఇరవై ఏళ్ల కిందటే లెక్క తేలిపోయింది.

మీ ఇంట్లో డెబ్బై దాటిన వాళ్ల పాత రిపోర్టు తీసి నాన్-హెచ్‌డీఎల్ లెక్క వేయండి. దాన్ని, వాడుతున్న మందుల చీటీని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి ‘మా అమ్మకు గీత ఎంత?’ అని అడగండి. మాత్ర మొదలుపెట్టాలా, తగ్గించాలా, ఆపాలా అన్నది అక్కడే తేల్చుకోండి. వాట్సాప్ చూసి మీ అంతట మీరు మాత్రం ఆపకండి.